జీవిత బీమా పాలసీ ఎలా ఎంచుకోవాలి: సంతకానికి ముందు ఇంట్లో చేసుకోవలసిన పనులు

బరంపురంలో పట్టుచీర కొనే ఇల్లాలు చీరను తిరగేసి చూస్తుంది, అంచును వేళ్ల మధ్య నలిపి చూస్తుంది, ధర విన్నాక మరో రెండు దుకాణాలు తిరిగి వచ్చి గానీ డబ్బు తీయదు. అదే ఇంట్లో ఏడాదికి 24,000 రూపాయల చొప్పున ఇరవై ఏళ్లు కట్టవలసిన పాలసీ మీద సంతకం మాత్రం, వచ్చినాయన టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు అయిపోతుంది. చీర నాణ్యత చేతికి తెలుస్తుంది. బీమా విషయంలో ఆ అవకాశం లేదు. డబ్బు కట్టిన మనిషి ఆ సరుకు పనిచేయడం తన కళ్లతో ఎన్నడూ చూడడు. సరుకును పరీక్షించే దారి లేనప్పుడు మనం అమ్మేవారి ముఖం చూసి నిర్ణయం తీసుకుంటాం. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలలో ఆ అమ్మేవారు చాలాసార్లు మేనమామ కొడుకో, పిల్లవాడికి పాఠం చెప్పిన మాస్టారో, కులసంఘంలో పెద్దమనిషో అయి ఉంటారు కాబట్టి, మొహమాటం ఇంకొంచెం ఎక్కువగా పనిచేస్తుంది. ఈ వ్యాసంలో చెప్పిన పనులన్నీ ఆ మొహమాటాన్ని, కుటుంబ అవసరాన్ని వేరుచేయడానికి ఉద్దేశించినవి. వాటిని ఇదే వరుసలో చేయండి. ముఖ్యంగా మొదటి రెండు పనులు ఏ ఏజెంటూ ఎదురుగా లేనప్పుడు పూర్తిచేయండి.

ఇప్పటికే ఉన్న పాలసీలు ఎందుకు తీసుకున్నారో రాయండి

బీరువాలో ఉన్న బాండ్లన్నీ బయటకు తీసి, ఒక కాగితం మీద వాటి పేర్లు రాసి, ప్రతిదాని పక్కన దాన్ని తీసుకున్న అసలు కారణాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "బావగారు అడిగారు", "లోను ఇచ్చేటప్పుడు బ్యాంకులో పెట్టారు", "మార్చి నెలలో పన్ను కోసం", "ఎదురింటాయన చిన్న వయసులో పోయారు, భయం వేసింది" అన్నవే ఎక్కువగా తేలుతాయి. "నేను లేకపోతే ఇల్లు గడవడానికి ఇంత కావాలి" అన్న వాక్యం చాలా ఇళ్లలో కనబడదు.

బావగారు మంచివారే కావచ్చు, కానీ ఆయన మంచితనం పాలసీ మంచితనానికి హామీ కాదు. 2013లో ఒడిశా అంతటా చిట్‌ఫండ్ల పేరుతో నడిచిన కంపెనీలు కూలిపోయినప్పుడు, 2014 మేలో సుప్రీంకోర్టు ఆ కేసులను సీబీఐకి అప్పగించేంత దూరం వ్యవహారం వెళ్లింది. అటువంటి పథకాలు ఊళ్లలోకి వచ్చిన దారి కూడా తెలిసిన మనిషి మాటే. జీవిత బీమా కంపెనీలు బీమా నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ పర్యవేక్షణలో ఉన్నాయి కాబట్టి ఆ రకమైన ప్రమాదం ఇక్కడ లేదు; అయినా కొనే పద్ధతి మాత్రం అదే.

భయం వేసి కొనడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటినప్పుడు గానీ, 2018 అక్టోబరులో తిత్లీ వర్షాలకు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడినప్పుడు గానీ, ప్రమాదం ఎంత దగ్గరగా ఉంటుందో అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. అటువంటి సమయంలో మనిషికి బీమా గుర్తుకు వస్తుంది. ఏమీ జరగకుండా రెండు మూడేళ్లు గడిస్తే కట్టిన డబ్బు దండగ అనిపించి పాలసీని వదిలేస్తాడు. అమెరికాలో వరద బీమా విషయంలో ఈ తీరునే హోవార్డ్ కున్‌రూథర్ అనే ఆచార్యుడు దశాబ్దాలపాటు పరిశీలించారు. భయంలో తీసుకున్న పాలసీ భయంతోపాటే తగ్గిపోతుంది కాబట్టి, వీధిలో ఎవరో పోయిన వారంలో ఏ ఫారం మీదా సంతకం చేయకండి.

పన్ను కారణం ఇప్పుడు చాలామందికి వర్తించదు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానమే సాధారణ విధానం అయింది. అందులో బీమా ప్రీమియానికి దొరికే 80సీ మినహాయింపు లేదు. పన్ను కట్టవలసిన ఆదాయమే లేని చిన్న దుకాణదారుకు పన్ను ఆదా పేరుతో పాలసీ అమ్మడం కంటే వింత మరొకటి ఉండదు.

ఇక లోనుతో వచ్చిన బీమా. స్వయం సహాయక బృందాల ద్వారా గానీ, మైక్రోఫైనాన్స్ సంస్థల ద్వారా గానీ అప్పు తీసుకున్న చాలామంది స్త్రీలు తమకు బీమా ఉందనే అనుకుంటారు. అప్పుతో జతచేసిన బీమా సాధారణంగా మిగిలిన బాకీని ముందుగా అప్పు ఇచ్చిన సంస్థకే చెల్లిస్తుంది. అది ఇంటి మీద భారం తగ్గిస్తుంది గానీ ఇల్లు గడవడానికి డబ్బు ఇవ్వదు. దాన్ని మీ లెక్కలో వేరే వరుసలో రాయండి.

ఈ పట్టిక పూర్తయ్యేవరకు ఎవరు వచ్చినా చెప్పవలసిన మాట ఒక్కటే: "బావగారూ, కాగితాలు ఇక్కడ ఉంచి వెళ్లండి, ఇంట్లో లెక్క చూసుకుని వారంలో నేనే ఫోను చేస్తాను." ఈ మాటకు బంధుత్వం చెడదు. ఇవాళే చేయకపోతే ఆఫరు పోతుందని ఆయన అంటే, ఆ ఆఫరు పోవడమే మేలు.

ఎంత మొత్తం కావాలో లెక్క కట్టండి

పాలసీని ప్రీమియంతో మొదలుపెట్టి ఎంచుకోవడం మన అలవాటు. "నెలకు రెండు వేలు కట్టగలను, దానికి ఏం వస్తుంది?" అని అడుగుతాం. ప్రశ్నను తిరగేయాలి: నేను లేకపోతే ఎంత కావాలి, అంత కావాలంటే ఎంత కట్టాలి?

ఉదాహరణకు రాయగడలో కిరాణా దుకాణం నడిపే ముప్పై ఆరేళ్ల వ్యక్తిని ఊహించుకోండి. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు ఉన్నారు. ఆయన సొంత ఖర్చు తీసివేస్తే ఇంటికి నెలకు 18,000 రూపాయలు కావాలి, అంటే ఏడాదికి 2,16,000. చిన్నబిడ్డ సంపాదనకు వచ్చేసరికి పదిహేనేళ్లు పడుతుందనుకుంటే 32,40,000. దుకాణం మీద అప్పు 4 లక్షలు, పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ 8 లక్షలు కలిపితే 44,40,000. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, దుకాణంలోని సరుకు కలిపి 6 లక్షలు ఉంటే అది తీసివేయండి. మిగిలేది 38,40,000; సుమారుగా 40 లక్షలు. ధరలు పెరుగుతాయి, చేతికి వచ్చిన మొత్తం మీద వడ్డీ కూడా వస్తుంది. ఈ రెండూ దాదాపు ఒకదానికొకటి సరిపోతాయని తీసుకుని చేసిన మోటు లెక్క ఇది. మోటు లెక్కయినా అసలు లెక్కే లేకపోవడం కంటే మేలు.

ఇప్పుడు ఆయనకు ఉన్న ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిసి ఉన్నది) మొత్తం 5 లక్షలు అనుకోండి. అప్పు 4 లక్షలు తీరిస్తే మిగిలేది లక్ష రూపాయలు. నెలకు 18,000 చొప్పున అది ఆరు నెలలు కూడా రాదు. ఏటా 24,000 కడుతున్న మనిషి తన కుటుంబానికి కొన్న రక్షణ అంత మాత్రమే. ఈ లెక్కను భార్యాభర్తలు కలిసి కూర్చుని చేయాలి. ఇంటి ఖర్చు నిజంగా ఎంతో తెలిసినది చాలా ఇళ్లలో ఆమెకే.

సంపాదన లేని పిల్లల పేరు మీద, వృద్ధులైన తల్లిదండ్రుల పేరు మీద పాలసీలు తీసుకోవడం ప్రేమతో చేసే పనే. కానీ జీవిత బీమా ఎవరి సంపాదన ఆగిపోతే ఇల్లు ఆగిపోతుందో వారి మీద ఉండాలి. ఇంట్లో స్త్రీ మగ్గం నేసి గానీ, టైలరింగ్ చేసి గానీ సంపాదిస్తూ ఉంటే ఆమెకూ ఇదే లెక్క వేయండి.

రక్షణను, పొదుపును విడదీసి చూడండి

టర్మ్ పాలసీ, అంటే పాలసీ కాలంలో మనిషి పోతేనే డబ్బు ఇచ్చే పాలసీ, అనగానే వినబడే మాట "బతికి ఉంటే ఏమీ రాదు కదా." ఈ అభ్యంతరం తెలివితక్కువది కాదు, మనిషి స్వభావంలోనే ఉంది. పోగొట్టుకున్న వంద రూపాయల బాధ, సంపాదించిన వంద రూపాయల సంతోషం కంటే చాలా ఎక్కువగా ఉంటుందని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ 1979లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. ప్రీమియం తిరిగి రాకపోవడాన్ని మన మనసు నష్టాల పద్దులో రాసుకుంటుంది. "డబ్బు వెనక్కి వచ్చే" పాలసీలు మార్కెట్టులో అంత బాగా అమ్ముడుపోవడానికి కారణం ఇదే.

ఆ వెనక్కి వచ్చే డబ్బు ఎంతో కూడా చూద్దాం. ఏడాదికి 24,000 చొప్పున ఇరవై ఏళ్లు కడితే 4,80,000 అవుతుంది. చివరకు 8 లక్షలు వస్తాయని ఏజెంటు చెబితే దాదాపు రెట్టింపు అయినట్టు వినబడుతుంది. కానీ మొదటి ఏడాది కట్టిన డబ్బు ఇరవై ఏళ్లు, చివరి ఏడాది కట్టినది ఒక్క ఏడాది మాత్రమే ఆ కంపెనీ దగ్గర ఉంటాయి కాబట్టి, దాన్ని వడ్డీగా లెక్కిస్తే ఏడాదికి సుమారు నాలుగున్నర శాతం పైచిలుకు మాత్రమే తేలుతుంది. అదే డబ్బు పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతాలో ప్రతి ఏప్రిల్ మొదటివారంలో వేస్తూ, 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న 7.1 శాతం రేటే కొనసాగిందనుకుంటే, ఇరవై ఏళ్లకు 10 లక్షల 65 వేల దాకా అవుతుంది. ఎండోమెంటులో కొంత బీమా రక్షణ కూడా కలిసి ఉంటుందన్నది నిజమే. ఆ రక్షణ ఎంత చిన్నదో పైన చూశాం. నా దృష్టిలో ఎక్కువ కుటుంబాలకు టర్మ్ పాలసీ వేరుగా, పొదుపు వేరుగా ఉండడమే సరైనది. అయితే చేతిలో ఉన్న డబ్బు పండుగకూ శుభకార్యానికీ ఖర్చయిపోయే ఇంట్లో, ఎవరో వచ్చి అడిగి కట్టించుకుంటే తప్ప పొదుపు సాగని ఇంట్లో, ఎండోమెంటు పూర్తిగా వ్యర్థమని చెప్పలేను.

ఆదాయానికి కాగితాలు లేనివారికి పెద్ద టర్మ్ పాలసీ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి. నేతపనివారికి, రోజుకూలీలకు, గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లేవారికి ఇది నిజమైన అడ్డంకి. వారు ముందుగా ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా తీసుకోవాలి. 18 నుంచి 50 ఏళ్ల లోపువారు బ్యాంకు ఖాతా ద్వారా గానీ పోస్టాఫీసు ఖాతా ద్వారా గానీ ఇందులో చేరవచ్చు. ఏడాదికి 436 రూపాయలు, రక్షణ 2 లక్షలు, కాలం జూన్ 1 నుంచి మే 31 వరకు. మే నెలాఖరులో ఖాతాలో ఆ డబ్బు లేకపోతే రక్షణ ఆగిపోతుంది కాబట్టి ఊరి ఖాతాను ఖాళీగా ఉంచి సూరత్ వెళ్లకూడదు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాదాలకు వేరుగా ఉంది. వీటి తర్వాత, 2021 జనవరి నుంచి వచ్చిన సరళ్ జీవన్ బీమా అనే సాధారణ టర్మ్ పాలసీని ఇప్పుడు ఏ కంపెనీ ఇస్తోందో అడగండి. వృత్తి, చదువు, నివాసం చూసి నిరాకరించకుండా 5 లక్షల నుంచి 25 లక్షల వరకు ఇవ్వాలన్న ఉద్దేశంతో దానిని రూపొందించారు. మొదటి 45 రోజులలో ప్రమాద మరణానికి మాత్రమే రక్షణ ఉంటుంది.

ఏజెంటును పిలిచి అడగండి

ఇప్పుడు మీరే ఫోను చేయండి. ఒకరికి కాదు, కనీసం ఇద్దరికి. ఎంత మొత్తం కావాలో మీకు ముందే తెలుసు కాబట్టి సంభాషణ మీ చేతిలో ఉంటుంది. ముందుగా బెనిఫిట్ ఇలస్ట్రేషన్ (ఏ ఏడాది ఎంత కట్టాలో, ఎంత రావచ్చో చూపే) కాగితం అడగండి. హామీ లేని రాబడిని అందులో 4 శాతం, 8 శాతం అనే రెండు అంచనాలతో చూపిస్తారు. ఏజెంటు వేలు 8 శాతం వరుస మీద ఉంటే మీ కన్ను 4 శాతం వరుస మీద, "హామీ ఉన్నది" అన్న గడి మీద ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి, అంతకుముందు పన్నుతో కలిపి చెప్పిన ధరలను పోలికకు తీసుకోకండి.

మొదటి ప్రీమియంలో కొంత తానే కడతానని ఏజెంటు అంటే అది ఉదారత అనుకోవద్దు. మొదటి సంవత్సరం కమీషను తర్వాతి సంవత్సరాల కంటే బాగా ఎక్కువ ఉంటుంది. అందులోంచి వెనక్కి ఇవ్వడాన్ని 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షను నిషేధించింది, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ తప్పు చేసినట్టే. డబ్బును చేతికి ఇవ్వకుండా చెక్కుతో గానీ యూపీఐతో గానీ కంపెనీకే కట్టండి.

ఫారం నింపేటప్పుడు

సరిహద్దు జిల్లాలలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైన చోటు ఇది. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, బ్రాంచిలో మాట ఒడియాలో నడుస్తుంది, మనకు చదవడం తెలుగులోనే అలవాటు. ఏజెంటు "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని చూపించిన చోటల్లా సంతకం పడిపోతుంది. ప్రపోజల్ ఫారం చివర, సంతకం ఇంగ్లీషులో కాక వేరే భాషలో చేసినా, వేలిముద్ర వేసినా, ప్రశ్నలన్నీ వారికి అర్థమయ్యే భాషలో వివరించానని మరొకరు సంతకం చేయవలసిన భాగం ఉంటుంది. ఆ సంతకం చేసేవారు నిజంగా మీ ముందు కూర్చుని ప్రతి ప్రశ్నను తెలుగులో చెప్పాలని పట్టుబట్టండి. ఖాళీ ఫారం మీద సంతకం అసలు వద్దు. తర్వాత కంపెనీ నుంచి వచ్చే ధ్రువీకరణ ఫోనులో తెలుగు ఎంచుకోండి. "అన్నిటికీ అవునని చెప్పేయండి" అని ఏజెంటు చెప్పి ఉంటే, ఆ మాట వినకండి.

ఆరోగ్యం గురించి దాచడం కుటుంబానికి చేసే అన్యాయం. షుగరు, బీపీ, పాత ఆపరేషను, గుట్కా, ఖైనీ, చుట్ట అన్నీ రాయాలి. మన తీరప్రాంతంలో కొందరు పెద్దావిడలకు ఉన్న అడ్డపొగ (చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని తాగే) అలవాటు కూడా పొగాకు కిందికే వస్తుంది. వైద్యం విశాఖపట్నంలో జరిగింది కాబట్టి ఒడిశాలో ఎవరికీ తెలియదనుకోవడం భ్రమ. మొదట్లోనే మరణం సంభవిస్తే కంపెనీ విచారణ చేయిస్తుంది, ఆసుపత్రి రికార్డులు రాష్ట్ర సరిహద్దు చూసి ఆగవు. బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణం మీదా ప్రశ్నించకూడదు. ఆ మూడేళ్ల లోపు మాత్రం దాచిన విషయం క్లెయిమును ముంచగలదు. నిజం రాస్తే ప్రీమియం కొంత పెరగవచ్చు, ఒక్కోసారి కంపెనీ పాలసీ ఇవ్వకపోవచ్చు కూడా.

పేరు సంగతి మరొకటి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి కార్యాలయాలలో చివర రాస్తారు. ఆధారులో ఒక రకంగా, పాన్‌లో ఒక రకంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకంగా ఉన్న పేర్లు పాలసీ తీసుకునేటప్పుడు ఎవరికీ అడ్డురావు, క్లెయిము వేళ అడ్డొస్తాయి. మీ పేరు, నామినీ పేరు, ఇద్దరి పుట్టిన తేదీలు అన్ని కాగితాల మీద ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించుకోండి. నామినీ మైనరైతే వారి తరఫున డబ్బు అందుకునే పెద్దవారి (అపాయింటీ) పేరు తప్పనిసరిగా రాయించండి.

వ్యాపారంలో అప్పులున్న వివాహిత పురుషుడు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకునే విషయం తప్పక ఆలోచించాలి. ప్రపోజలు దశలోనే ప్రత్యేక ఫారం ఇస్తే, ఆ పాలసీ సొమ్ము భార్యాపిల్లల కోసం ట్రస్టుగా ఉంటుంది. అప్పులవారు సాధారణంగా దానిమీద చేయి వేయలేరు. దానిమీద మీరు లోను కూడా తీసుకోలేరు.

బాండు చేతికి వచ్చిన తర్వాత

బాండు అందిన రోజు తేదీని కవరు మీదే రాసుకోండి. అక్కడి నుంచి 30 రోజులు మీకు ఆలోచించుకునే గడువు. నచ్చకపోతే రాతపూర్వకంగా వెనక్కి పంపవచ్చు, స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష ఖర్చు, గడిచిన రోజుల రక్షణకు అయిన మొత్తం మినహాయించి మిగతాది తిరిగి ఇస్తారు. ఆ 30 రోజులలో ఇంగ్లీషు బాగా చదవగల పిల్లవాడితో బాండును, దానితో వచ్చే సమాచార పత్రాన్ని, మీరు నింపిన ఫారం నకలును చదివించుకోండి. ప్రీమియం ఎన్నేళ్లు కట్టాలో చాలామందికి ఈ దశలోనే మొదటిసారి తెలుస్తుంది.

ప్రీమియం గడువు దాటితే నెలవారీ పద్ధతికి 15 రోజులు, మిగిలిన వాటికి 30 రోజుల అదనపు గడువు ఉంటుంది. ఎండోమెంటు లాంటి పాలసీ ప్రీమియం కట్టక ఆగిపోయినా (లాప్స్ అయినా), కట్టని మొదటి ప్రీమియం తేదీ నుంచి అయిదేళ్లలోపు పునరుద్ధరించవచ్చు. పాత పాలసీ దండగని తేలినా వెంటనే సరెండరు చేయకండి, అంటే మధ్యలో మూసివేసి డబ్బు వెనక్కి తీసుకోకండి. కొత్త టర్మ్ పాలసీ బాండు చేతికి వచ్చాకే పాతదాని సంగతి చూడాలి. 2024 అక్టోబరు 1 తర్వాతి కొత్త నియమాల కింద వచ్చిన పాలసీలకు ఒక ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టి ఆ ఏడాది గడిస్తే కొంత సరెండరు విలువ ఉంటుంది. అంతకు ముందువాటికి వాటి బాండులో రాసిన షరతులే వర్తిస్తాయి.

బాండు ఎక్కడ ఉందో, ఏ కంపెనీదో, ప్రీమియం ఏ ఖాతా నుంచి వెళ్తుందో నామినీకి చెప్పి, చూపించండి. మరణ ధ్రువపత్రం మరణం జరిగిన చోటే నమోదు అవుతుంది. పర్లాకిమిడి మనిషి శ్రీకాకుళం ఆసుపత్రిలో పోతే పత్రం ఆంధ్రప్రదేశ్‌లోనే తీసుకోవాలి, 21 రోజుల లోపు నమోదు చేయిస్తే ఇబ్బంది ఉండదు. ఈ సంగతి తెలియక సొంత ఊరి కార్యాలయం చుట్టూ తిరిగే కుటుంబాలు ఉంటాయి.

క్లెయిము నిరాకరించినా, చెప్పినదొకటి ఇచ్చినదొకటి అయినా, ముందుగా కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు ఉంచుకోండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా విభాగానికి 155255 నంబరుకు ఫోను చేయవచ్చు. కంపెనీ నెల రోజులలో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాది లోపు, బీమా ఫిర్యాదులు విచారించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల వరకు విచారిస్తారు. ఒడిశా నివాసులకు ఆ కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. పాలసీని ఇచ్ఛాపురం, పార్వతీపురం వంటి అవతలి ఊరి బ్రాంచిలో తీసుకున్నవారు, ఆ బ్రాంచి ఉన్న పరిధిని బట్టి హైదరాబాద్ అంబుడ్స్‌మన్‌కు కూడా ఫిర్యాదు చేసుకోవచ్చు. రెండింటిలో ఒకచోట మాత్రమే వేయాలి.